2,130 ఆటల హాజరు

మన బడిలో వార్షికోత్సవం నాడు చదువుకీ, వ్యాసరచనకీ, ఆటలకీ ఇవ్వాల్సిన బహుమతులన్నీ అయిపోయాక చివర్లో పూర్తి హాజరు బహుమతి ఇచ్చేవారు. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానకుండా వచ్చినవాడికి ఒక పెన్ను, ఒక సర్టిఫికెట్టు. అప్పటికి జనం సగం లేచిపోయేవారు కాబట్టి చప్పట్లు కాస్త పలచగా పడేవి. హాజరుతోనే చరిత్రకెక్కి, ఆ హాజరును తన చేత్తో తానే ఆపుకుని ఇంకా పెద్దవాడైన ఒక ఆటగాడి గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో రాయాలనిపించింది. అతని పేరు లూ గెరిగ్. ఆట బేస్‌బాల్, దేశం అమెరికా.

క్రికెట్ తెలిసిన మనకు బేస్‌బాల్ కొరుకుడుపడనిదేమీ కాదు. జట్టుకు తొమ్మిది మంది. విసిరిన బంతిని గుండ్రటి బ్యాటుతో కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న బేస్‌లను చుట్టి వస్తే ఒక పరుగు. బంతి గాల్లోనే మైదానం గోడ దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడేవాడికి తీరిక ఉండదు. మిగతావాళ్ళు ఆపిన బంతులు చాలామటుకు అతని చేతికే వచ్చి పడతాయి. ఆ రోజుల్లో ఒక్కో జట్టు రైళ్ళలో ఊరూరా తిరుగుతూ ఏడాదికి 154 లీగ్ ఆటలు ఆడేది. గెరిగ్ వరసగా 2,130 ఆటలు ఆడాడు. అంటే దాదాపు పద్నాలుగేళ్ళ పాటు అతని జట్టు మైదానంలోకి దిగి, అతను దిగని రోజు లేదు.

గెరిగ్ 1903 జూన్ 19న న్యూయార్క్‌లో, జర్మనీ నుంచి వలస వచ్చిన పేద దంపతులకు పుట్టాడు. నలుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది అతనొక్కడే. తండ్రిది రేకుల పని. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఆ పనీ సరిగ్గా ఉండేది కాదు. ఇళ్ళలో వంటలు చేసి, బట్టలు ఉతికి సంసారాన్ని ఈదింది తల్లి క్రిస్టీనా. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులు ఉండే ఒక వసతి గృహంలో ఆమె వంటమనిషిగా చేరితే, కొడుకు అక్కడ పనిలో సాయం చేసేవాడు. వాణ్ణి ఇంజనీరును చేయాలన్నది ఆ తల్లి ఆశ. 1921లో అదే యూనివర్సిటీలో గెరిగ్ ఇంజనీరింగు విద్యార్థిగా అడుగుపెట్టాడు. ఆ లెక్కన అతను మా వృత్తివాడు కావలసినవాడే.

కానీ ఆట లాక్కుపోయింది. 1923 ఏప్రిల్ 18న న్యూయార్క్ యాంకీస్ జట్టు తన కొత్త స్టేడియంలో మొదటి ఆట ఆడింది. అదే రోజు కాలేజీ మైదానంలో గెరిగ్ బంతి విసిరి 17 స్ట్రైక్ ఔట్లు సాధించాడు. ఆట ఓడిపోయినా యాంకీస్ మనిషి కళ్ళు అతని మీద పడ్డాయి, అదీ ముఖ్యంగా బ్యాటింగు మీద. ఇంట్లో జబ్బులు, డబ్బుకు ఇబ్బంది. 1,500 డాలర్ల బోనస్ తీసుకుని చదువుకు స్వస్తి చెప్పాడు.

1925 జూన్ 1న ఒకరికి బదులుగా బ్యాటింగుకు దిగాడు. మర్నాడు ఫస్ట్ బేస్ ఆటగాడు వాలీ పిప్ స్థానంలో అతన్ని నిలబెట్టారు. తర్వాతి సీజన్‌కి పిప్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు, గెరిగ్ మాత్రం 1939 దాకా ఆ చోటు వదల్లేదు.

అతని రాత ఏమోగాని, ఎంత చేసినా వెలుగు ఇంకొకరి మీద పడేది. 1927లో 47 హోమ్ రన్‌లు కొట్టి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా అవార్డు అందుకున్నాడు. అయితే ఆ ఏడాది లోకం గుర్తుపెట్టుకున్నది జట్టులో తోటివాడు బేబ్ రూత్ కొట్టిన 60 హోమ్ రన్‌లను. 1932 జూన్ 3న ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్‌లు బాదాడు. అదే రోజు జాన్ మెక్‌గ్రా అనే పేరుమోసిన మేనేజర్ పదవి నుంచి తప్పుకోవడంతో మర్నాటి పత్రికల్లో పెద్దక్షరాలు ఆయనకు పోయాయి. గెరిగ్ ఫిర్యాదు చేసే మనిషి కాదు. మర్నాడు మళ్ళీ హాజరు.

నా ఉద్యోగమంతా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో గడిచింది. అక్కడ కూడా ఒక యూనిట్ ఆగకుండా ఎన్ని రోజులు నడిచిందన్నది పెద్ద గొప్ప. బోర్డు మీద అంకె పెరుగుతున్న కొద్దీ దాన్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాదు. బేరింగులో వైబ్రేషన్ కొంచెం కొంచెంగా పెరుగుతుంటుంది. ఇంకో వారం లాగుదాం, నెలాఖరు దాకా చూద్దాం అంటాం. యంత్రం విరిగి ఆగేలోపు మనమే ఆపాలని పుస్తకాల్లో అందరం చదువుకున్నదే. రికార్డు ముందున్నప్పుడు ఆ స్విచ్చు మీద చెయ్యి వేయడం ఎంత కష్టమో షిఫ్టులో నిలబడ్డవాళ్ళకు తెలుసు.

గెరిగ్ కూడా ఒకసారి అంకె కోసం లాగినవాడే. 1934 జులైలో డెట్రాయిట్‌లో నడుము పట్టేసి ఆట మధ్యలో బయటికి వచ్చేశాడు. మర్నాడు అతని పేరును బ్యాటింగు వరసలో మొట్టమొదట వేశారు. ఒక్కసారి కొట్టి, ఫస్ట్ బేస్ చేరి, ఇంకొకరికి అప్పగించి వెళ్ళిపోయాడు. లెక్కలో హాజరు పడింది. ఇది కిటుకే తప్ప ఆట కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఆ సీజన్‌లోనే బ్యాటింగు సగటులో, హోమ్ రన్‌లలో, జట్టుకు రాబట్టిన పరుగుల్లో మూడింటా లీగ్‌కు ప్రథముడు అతనేనని కూడా చెప్పాలి.

1938లో ఆట కాస్త తగ్గింది. వయసు అనుకున్నారు. 1939లో మొదటి ఎనిమిది ఆటల్లో 28 సార్లు కొట్టే అవకాశం వస్తే నాలుగు సార్లే సఫలమయ్యాడు. జీవితం మొత్తం మీద వెయ్యి అవకాశాలకు 340 సాధించినవాడికి ఇది సగం కూడా కాదు. ఏప్రిల్ 30న, ఎప్పుడూ అవలీలగా చేసే ఒక మామూలు పని చేస్తే తోటివాళ్ళు వచ్చి మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలే అతన్ని పొడిచింది. మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్ జో మెకార్తీ దగ్గరకు వెళ్ళి, జట్టు మేలు కోసం తనను పక్కన పెట్టమని అడిగాడు. మెకార్తీ అతన్ని తీసేయలేదు, తీసేసేవాడూ కాదు. కెప్టెన్‌గా తన పేరు లేని జాబితాను తానే మోసుకెళ్ళి అంపైర్ చేతికిచ్చి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు యాంకీస్ 22-2 తేడాతో గెలిచింది.

అసలు కారణం ఏమిటో అప్పటికి అతనికీ తెలియదు. జూన్ 19న, 36వ పుట్టినరోజు నాడు, మేయో క్లినిక్ డాక్టర్లు జబ్బు పేరు తేల్చారు. ఏఎల్ఎస్. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. మా భాషలో చెప్పాలంటే మోటారు కాలిపోలేదు, దానికి వెళ్ళే కేబులు తెగుతూ వస్తోంది. చాలామందిలో తెలివి మాత్రం చివరిదాకా ఉంటుంది. మా పెద్ద బావగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు, అమెరికాలో దీన్ని ఒక ఆటగాడి పేరుతో పిలుస్తారని డాక్టరు చెబితేనే నేను గెరిగ్ పేరు మొదటిసారి విన్నాను. ముందు చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది, తర్వాత ముద్ద కలుపుకోవడం, ఆఖరికి మాట. రెండున్నరేళ్ళలో పోయారు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

1939 జులై 4న యాంకీ స్టేడియంలో అరవై వేలకు పైగా జనం ముందు గెరిగ్‌ను సన్మానించారు. అతని 4వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. ఆ దేశపు పెద్ద లీగ్‌లలో అలాంటి గౌరవం అదే మొదటిది. మాట్లాడాల్సి వచ్చినప్పుడు అతను తన జబ్బు సంగతిని క్లుప్తంగా ముగించి, తనకు దక్కిన అదృష్టాల లెక్క చెప్పాడు. మైదానం చూసుకునే పనివాళ్ళనీ, అత్తగారినీ, కష్టపడి పెంచిన తల్లిదండ్రులనీ, భార్య ఎలినార్‌నీ తలచుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేదు. న్యూయార్క్ మేయర్ లాగార్డియా పిలిస్తే 1940 జనవరిలో నగర పెరోల్ కమిషనర్‌గా చేరాడు. శిక్ష అనుభవిస్తున్నవాళ్ళ కాగితాలు చదివి విడుదల సంగతి తేల్చే పని. సంతకం చేయడానికి చెయ్యి సహకరించకపోతే భార్య చెయ్యి పట్టి చేయించేది. చనిపోవడానికి నెల ముందు వరకూ ఆ పని చేశాడు. 1941 జూన్ 2న, 37 ఏళ్ళకు కన్నుమూశాడు. వాలీ పిప్ స్థానంలో నిలబడి సరిగ్గా పదహారేళ్ళు.

2,130 అన్న అంకె 56 ఏళ్ళు నిలిచింది. 1995 సెప్టెంబరు 6న కాల్ రిప్కెన్ దాన్ని దాటి, 2,632 దాకా వెళ్ళి, 1998లో అతను కూడా తనంతట తానే ఒక రోజు ఆగాడు.

మన పూర్వ విద్యార్థుల సంఘం యాభై ఏళ్ళుగా ఆగకుండా నడుస్తోంది. ఇది ఏ ఒక్కరి హాజరూ కాదు. కార్యదర్శులుగా, కోశాధికారులుగా ఉన్నవాళ్ళు ఓపిక ఉండగానే ఖాతా పుస్తకాలు సరిచూసి తర్వాతి బ్యాచ్ చేతిలో పెట్టి, సభలకు వచ్చి ముందు వరసలో కాకుండా మూడో వరసలో కూర్చున్నారు. ఇప్పుడు ఆ పుస్తకాలు మా వయసువాళ్ళ దగ్గర ఉన్నాయి. మా వెనక బ్యాచ్‌లవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. జాబితాలో వాళ్ళ పేర్లు రాసి మా చేత్తో మేమే ఇవ్వడం బాగుంటుంది.