గుండెను పరిశీలించిన మేత్రాణులు: ధన్య నికోలస్ స్టెనో

అమీర్‌పేట దాటి పంజాగుట్ట చేరితే, నిమ్స్ ఆసుపత్రి ముందు పసిబిడ్డలను భుజాన వేసుకొన్న తల్లులు కనబడతారు. బిడ్డ గుండెలో రంధ్రమున్నదని వైద్యులు చెప్పగానే, గ్రహణం పట్టిందనో, తల్లి చేసిన పాపమనో అనేవారు మన విచారణలలోనూ లేకపోలేదు. అట్టి మాటలతో కుమిలే తల్లులకు ఈ ధన్యజీవి చరిత్ర ఊరటనిస్తుంది.

స్టెనోగారు 1638లో డెన్మార్కులోని కోపెన్‌హేగన్ నగరంలో, లూథరన్ విశ్వాసులైన ఒక స్వర్ణకారుని ఇంట జన్మించారు. వైద్యవిద్యకై హాలెండు వెళ్ళి, 1660లో చెంపలోని లాలాజల నాళమును కనుగొన్నారు. గుండె వేడిని పుట్టించే కొలిమి వంటిదని ఆనాటి తత్త్వవేత్తలు కొందరు బోధించేవారు. స్టెనోగారు గుండెను కోసి, పోగులు విడదీసి చూచి, అది కేవలం కండరమేనని 1664లో ప్రకటించారు. కంటికి కనబడే గుండె విషయంలోనే పొరబడినవారు, కనబడని ఆత్మను గూర్చి చెప్పేదెల్లా నిజమెలా అవుతుందన్న ఆలోచన వారిలో కలిగింది.

తల్లి గర్భంలో శిశువు ఊపిరితిత్తులు శ్వాసించవు. ప్రాణవాయువు నిండిన రక్తం మాయ నుండి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. గుండె పైగదుల మధ్య ఒక చిన్న తలుపు, ఊపిరితిత్తుల ధమనికీ బృహద్ధమనికీ మధ్య ఒక చిన్న నాళం ఉంటాయి. ఈ రెండు దారుల వలన రక్తంలో అధికభాగం ఊపిరితిత్తులకు పోకుండా దేహమంతటా ప్రవహిస్తుంది. బిడ్డ పుట్టి కేరుమనగానే ఊపిరితిత్తులు విచ్చుకొంటాయి, రక్తం వాటివైపు మళ్ళుతుంది, తలుపు మూసుకొంటుంది. నాళం సాధారణంగా రెండు మూడు రోజులలో ముడుచుకుపోతుంది.

పారిస్‌లో స్టెనోగారు గర్భస్థ దశలోనే మరణించిన ఒక శిశువు దేహమును పరిశీలించారు. దాని పెదవి చీలి ఉంది. మనవారు గ్రహణమొర్రి అనేది అదే. ఊపిరితిత్తుల ధమని సన్నగా ఉంది. ఆ చిన్న నాళం లేనేలేదు. క్రింది గదుల మధ్య రంధ్రముంది, బృహద్ధమనికి రెండు గదుల నుండీ రక్తం వచ్చే దారి ఉంది. శాపమని తలచక, రక్తం ఏ దారిన పారిందో వారు ఓర్పుతో వివరించారు. ఆ వివరణ 1673లో అచ్చయింది. ఇట్టి గుండె గర్భంలో నెట్టుకొస్తుంది. పుట్టిన పిమ్మట బిడ్డ నీలమవుతుంది. 1888లో ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు దీనిని విపులీకరించగా, ఆయన పేరే ఈ జబ్బుకు నిలిచింది. నేడు దీనికి శస్త్రచికిత్స ఉంది.

1666లో ఇటలీలోని లివోర్నోలో దివ్యసత్ప్రసాద ఊరేగింపు స్టెనోగారి హృదయాన్ని కదిలించింది. మరుసటి ఏడు కతోలిక తిరుసభలో చేరారు. 1675లో గురువయ్యారు, 1677లో మేత్రాణులయ్యారు. ఉత్తర జర్మనీలో చెదరియున్న కొద్దిపాటి కతోలికులకు సేవచేస్తూ, తమ ఉంగరమును సైతం అమ్మి పేదలకిచ్చారు. 1686లో ష్వెరీన్‌లో కన్నుమూశారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1988 అక్టోబరు 23న వారిని ధన్యులుగా ప్రకటించారు.

ప్రియ కుటుంబములారా, బిడ్డ గుండెలోని లోపం తల్లి పాపానికి శిక్ష కాదు. పెదవులు నీలమైతే, పాలు త్రాగుతూ ఆయాసపడితే, ఆలస్యం చేయక వైద్యునివద్దకు తీసుకొనిపోండి. ప్రార్థన చేయండి, చికిత్స మానకండి. ఆ తల్లి మీ పొరుగున ఉంటే నిందించక, ఆసుపత్రికి తోడు వెళ్ళండి.