కాటను దొర నీటిబాటలు

అన్నవరము రత్నగిరికి పోవు యాత్రికులు నేడు రైలులోనో మోటారులోనో సుఖముగా పోవుదురు. నూట ఎనుబది సంవత్సరముల క్రిందట గోదావరి సీమలో పది బస్తాల ధాన్యమును ఊరు దాటించుటయే కష్టము. వానకాలమున బండ్లు ఇరుసులదాక బురదలో దిగబడెడివి. ఎద్దులపై గోనెలు వేసికొని పోవుటయే గతి. 1832-33లో నందన కరవు వచ్చినపుడు వేలకొలది జనులు ఆకలిచే మరణించిరి. సమీపముననే గోదావరి వృథాగా సముద్రమున కలియుచుండెను.

ఈ దుఃస్థితిని మార్చిన ఆర్థర్ కాటను 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. పదునైదవ యేట సైనిక విద్యాలయమున చేరి, 1821లో ఇంజనీరుగా మద్రాసునకు వచ్చెను. 1836లో కావేరి పాయయైన కొల్లడముపై ఆనకట్ట కట్టి పేరు గాంచెను. ఆ సమీప కాలముననే మద్రాసు చెంత ఎఱ్ఱకొండలనుండి రాతిని తెచ్చుటకు ఇనుప పట్టాల బాట వేయించెను. తరువాత రైళ్ళను అంతగా విమర్శించినవాడు ఈ దేశమున మొదటి పట్టాల బాటలలో నొకదానికి కర్త యగుట వింతయే.

1844లో ఆయన గోదావరిని పరిశీలించి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలయ్యెను. అక్కడ నది, నడుమనున్న లంకలతో కలిపి, దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పు. అడుగున గట్టి నేల లేదు, అంతయు ఇసుకయే. ఆ ఇసుకపై రాళ్ళు గుట్టలుగా పడవేసి, వాని బరువుచేతనే కట్టను నిలుపవలెనని కాటను నిశ్చయించెను. కావలసిన రాతికి లెక్కయే లేదు. తలలపై మోయించిన ఎన్ని యేండ్లకు తెమలును? కనుక ధవళేశ్వరపు కొండను పగులగొట్టించి, అచటినుండి నది యొడ్డువరకు పట్టాలు వేయించెను. బండ్లలో దిగిన రాతిని పడవలకు ఎక్కించి నదిలో కావలసిన చోట పడవేసెడివారు. కూలీలను సమకూర్చుటలో వీణెము వీరన్న ఆయనకు కుడిభుజమయ్యెను.

1848లో వడదెబ్బ తగిలి కాటను మంచము పట్టెను. ఆరోగ్యమునకై దేశము విడిచి, 1850లో తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

కాలువలు పొలములకు నీరిచ్చుట మాత్రమే చాలదని కాటను తలంపు. అవి బాటలు గూడ కావలెను. కాలువ పల్లమునకు దిగుచోట లాకులు కట్టించిరి. ఎగువకు పోవలసిన పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూసి, పైనుండి నీరు వదలుదురు. నీటితోపాటు పడవ లేచును. అంతట ముందరి తలుపు తెఱతురు. గాలి యున్న తెరచాపతోను, లేనియెడల గట్టుపై మనుష్యులు తాడు లాగుటతోను పడవ సాగెడిది. ధాన్యము, బెల్లము, కొబ్బరికాయలు ఇట్లు కాకినాడ రేవువరకు చేరెడివి.

నేటి పెద్ద విమానములలో సరకును ఒక్కొక్క మూటగా పేర్చరు. ముందుగానే లోహపు పెట్టెలలో నింపి, ఆ పెట్టెలను ఉరుళ్ళపై లోనికి దొర్లింతురు. మాటిమాటికి దింపి ఎక్కించు శ్రమ తగ్గుటయే దాని ప్రయోజనము. ఒకమారు ఎక్కిన సరకు రేవువరకు దిగరాదనుటలో కాటను చూపును ఇట్టిదే.

1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. దేశమంతట రైళ్ళకు బదులు ఓడకాలువలు త్రవ్వవలెనని ఆయన వాదించెను. బరువు సరకునకు నీటిబాట చౌక యనుట నిజమే. కాని డెల్టాలో చెల్లినది మెట్టసీమలో చెల్లలేదు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు కడప కాలువ నష్టపడగా, 1882లో ప్రభుత్వము దానిని కొనెను. అంతకు ముందే, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆయన వృద్ధాప్యమున ఎన్నియో ప్రశ్నలకు ఉత్తరమిచ్చెను. సంఘము ఆయన పథకమును ఆదరింపలేదు.

1890 దశాబ్దమున సామర్లకోట, అన్నవరము, తుని మీదుగా రైలుబాట సాగెను. కాటను కాలువలు అన్నవరమువరకు ఎన్నడును రాలేదు. ఆ రైలు నడచుచుండగనే, 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణమున ఆయన మరణించెను. అప్పటికిని గోదావరి లాకులలో పడవలు వరుసగా నిలిచి తమ వంతునకై వేచియుండెడివి.