చలిజ్వరము గుట్టు తెలిపిన రోనాల్డ్ రాస్

విజయనగరమునకు ఉత్తరమున సాలూరు, పార్వతీపురము మన్యములకు పోయినవారు చలిజ్వరముతో తిరిగివచ్చుట మన పెద్దలు ఎరిగిన సంగతియే. దానికి చెడునీరు, చెడుగాలి కారణములని జనులు నమ్మిరి. ఐరోపావారి నమ్మకమును అట్టిదే. మలేరియా అను ఇటలీ మాటకు చెడుగాలి యని అర్థము. ఆ భ్రమను తొలగించిన పరిశోధన తెలుగునేలపైననే జరిగినది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన అల్మోరాలో జన్మించెను. తండ్రి ఆంగ్ల సైన్యాధికారి. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము ప్రాణము. అయినను తండ్రి కోరికపై లండనులో వైద్యము చదివి, 1881లో భారత వైద్యశాఖలో చేరెను.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున మలేరియా క్రిమిని కనుగొనెను. కాని అది ఒకరినుండి మరియొకరికెట్లు సోకునో తెలియలేదు. 1894లో లండనులో ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు ఆ క్రిమిని చూపి, దోమను పరీక్షింపుమనెను.

సికింద్రాబాదులో రాస్ దోమలను కోసి చూడసాగెను. చాలకాలము ఫలితము లేదు. అతడు పట్టినవి వేరు జాతి దోమలు. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను రోగి, దోమకొక అణా చొప్పున తీసికొని, చుక్కల రెక్కల దోమలచే కుట్టించుకొనెను. 20వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. క్రిమి పెరుగు చోటు దొరకినది.

అంతలోనే శాఖవారు అతనిని రాజపుటానాకు బదిలీ చేసిరి. పని కొన్ని నెలలు నిలిచిపోయెను. 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియాపై, దోమకాటువలననే క్రిమి వ్యాపించునని నిరూపించెను. ఆ యేడే గ్రాసి మున్నగు ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమున దానిని స్థాపించిరి. ఘనత ఎవరిదన్న వివాదము చిరకాలము సాగినది. 1902లో నోబెల్ బహుమానము రాస్‌ను వరించెను.

పిదప రాస్ లివర్‌పూల్‌లో బోధించుచు, రోగము వచ్చిన తరువాత మందిచ్చుటకంటె దోమ పుట్టుకను ఆపుట మేలని వాదించెను. అతని సలహాపై సూయజ్ కాలువ యొడ్డున ఇస్మాయిలియా పట్టణమున నీటిగుంటలను పూడ్చగా, కొద్ది యేండ్లలో జ్వరము దాదాపు మాయమయ్యెను. 1932 సెప్టెంబరు 16న రాస్ లండనులో మరణించెను.

మన్యమున సెలయేటి అంచులలోను దోమ పుట్టును గనుక అచ్చట గుంటలు పూడ్చుటతోనే పని తీరదు. దోమతెర, సకాలమున రక్తపరీక్ష వలయును. శత్రువెవరో తెలిసినందుననే ఈ జాగ్రత్తలు సాధ్యమైనవి. ఆ తెలివికి రాస్ ఓర్పుతోపాటు హుసేన్ ఖాన్ రక్తమును వెలగా చెల్లినదని విద్యార్థులు మరువరాదు.