పాత లారీ టైరుకు మళ్లీ ప్రాణం పోసే రబ్బరు.. దాని వెనుక అప్పులతో జైలుకెళ్లిన మొండి మనిషి!

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద అల్వాల్, బొల్లారం, హకీంపేట దాటేవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు. రోడ్డు పక్కన ఓ లారీ ఆగి ఉంటుంది. వెనుక యాక్సిల్ కింద జాకీ. క్లీనర్ పానా మీదకెక్కి కాళ్లతో తొక్కుతూ నట్లు విప్పుతుంటాడు. పక్కనే బటన్లన్నీ అరిగి గుండైపోయిన టైరు. డ్రైవర్ ఫోన్‌లో ఓనర్‌తో మాట్లాడుతుంటాడు. కొత్త టైరు కొనాలా, సెకండ్ హ్యాండ్ వెయ్యాలా, లేక రీబటన్ చేయించాలా? అదే పంచాయితీ.

పది టైర్ల బండికి అన్నీ కొత్తవి వేయాలంటే లక్ష రూపాయలు ఈజీగా దాటిపోతాయి. అందుకే చాలామంది అరిగిన టైరును పారేయరు. పైన కొత్త రబ్బరు పట్టించి మళ్లీ తిప్పుతారు. మరి మే నెల ఎండలో తారు రోడ్డు పెనంలా కాలుతుంటే, టన్నుల బరువు మోసే ఆ రబ్బరు ఎందుకు కరిగిపోవడం లేదు? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఓ మనిషి తన జీవితం మొత్తం ధారపోశాడు. ఆయన పేరు చార్లెస్ గుడ్‌ఇయర్. టైర్ల మీద ఆ పేరు చూసి పెద్ద కంపెనీ ఓనర్ అనుకుంటారు. అసలు సంగతి వేరే ఉంది..

1800 డిసెంబర్ 29న అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టారు గుడ్‌ఇయర్. తండ్రిది ఇనుప సామాన్ల వ్యాపారం. కొడుకు కూడా అదే దారిలో ఫిలడెల్ఫియాలో షాపు పెట్టాడు. 1830 నాటికి దివాలా. అప్పు తీర్చకపోతే జైల్లో వేసే రోజులవి. అప్పటి నుంచి ఆయన జైలుకు ఎన్నిసార్లు వెళ్లొచ్చారో లెక్క చెప్పడం కష్టం.

1834లో న్యూయార్క్‌లో ఓ రబ్బరు కంపెనీ షాపు ముందు ఆగారు. నీళ్లలో మునగకుండా కాపాడే రబ్బరు తొడుగు ఒకటి కొన్నారు. దాని వాల్వ్ బాగోలేదని ఇంకా మంచిది తయారు చేసి పట్టుకెళ్లారు. షాపు మేనేజర్ మాత్రం వాల్వ్ సంగతి పక్కనపెట్టి అసలు బాధ బయటపెట్టాడు. ఎండాకాలం రాగానే అమ్మిన సరుకంతా కరిగి, కంపు కొట్టే ముద్దలా వెనక్కి వస్తోందట. చలికాలంలో అదే రబ్బరు రాయిలా బిగిసి పగిలిపోతోంది. అమెరికాలో రబ్బరు మీద డబ్బు పెట్టినవాళ్లంతా అప్పుడు లబోదిబోమంటున్నారు. కెమిస్ట్రీ ఒక్క ముక్క కూడా చదవని గుడ్‌ఇయర్‌కు మాత్రం పిచ్చి పట్టుకుంది. దీన్ని నేనే సెట్ చేస్తానని కూర్చున్నారు.

ఇంటికి రాగానే అప్పుల వాళ్లు మళ్లీ జైల్లో వేయించారు. భార్య క్లారిస్సా చేత పచ్చి రబ్బరు ముద్ద, వంటింట్లోని చపాతీ కర్ర జైలుకే తెప్పించుకున్నారు. తొలి ప్రయోగాలు అక్కడే. పిండి పిసికినట్టు పిసకడం, పొడులు కలపడం, కర్రతో ఒత్తడం.. ఇదే పని. మెగ్నీషియా కలిపితే రబ్బరు తెల్లగా, పొడిగా అయింది. పని అయిపోయిందని బూట్లు చేశారు. ఎండ తగలగానే అవీ ముద్దయ్యాయి. తర్వాత నైట్రిక్ యాసిడ్ మీద పడ్డారు. ఆ పొగలకు ఓసారి ప్రాణం పోయినంత పనైంది. ఆయన రబ్బరు టోపీ, రబ్బరు కోటు, రబ్బరు బూట్లు వేసుకుని తిరుగుతుంటే వీధిలో జనం నవ్వుకునేవారు.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఈ కథను చాలామంది పట్టుదలకు నిదర్శనం అంటూ చెబుతారు. కానీ ఆ పట్టుదలకు రేటు కట్టింది ఆయన ఒక్కరే కాదు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. పొరుగున రైతులిచ్చిన పాలు, ఆలుగడ్డలతో పూట గడిపిన రోజులున్నాయి. పన్నెండు మంది పిల్లల్లో ఆరుగురు చిన్నతనంలోనే చనిపోయారు. క్లారిస్సా ఏమనుకుందో ఎవరూ పెద్దగా రాయలేదు.

మసాచుసెట్స్‌లోని వూబర్న్‌లో నథానియెల్ హేవర్డ్ అనే ఆయన రబ్బరు మీద గంధకం చల్లి ఎండలో పెట్టేవాడు. గుడ్‌ఇయర్ ఆ పేటెంట్ కొనేశారు. తపాలా సంచుల కోసం సర్కారు నుంచి 150 సంచుల ఆర్డర్ కూడా వచ్చింది. సంచులు తయారు చేసి పెట్టి ఊరెళ్లొచ్చేసరికి వేడికి పట్టీలు ఊడిపోయి కింద పడున్నాయి! పైపైన గట్టిపడింది గానీ లోపల రబ్బరు మారలేదన్నమాట.

1839లో అసలు మలుపు. గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. కరగాల్సింది పోయి తోలులా మాడింది. ఆ మాడిన అంచు పక్కనే సన్నటి గీతలా రబ్బరు సాగుతూ, గట్టిగా ఉంది. దాన్ని రాత్రంతా బయట చలిలో వదిలేశారు. తెల్లారి చూస్తే పగల్లేదు. ఇది ఊరికే కలిసొచ్చిన అదృష్టం అంటే గుడ్‌ఇయర్ ఒప్పుకునేవారు కాదు. వెతుకుతున్నవాడి కంటికే అది కనిపిస్తుందని ఆయన వాదన. నిజమే కదా, ఐదేళ్లుగా ఆయన చూస్తున్నది దానికోసమే. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి మాత్రం ఇంకో ఐదేళ్లు పట్టింది.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? పచ్చి రబ్బరును వండిన సేమియా అనుకోండి. పోగులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. గంధకం వేసి వేడి చేస్తే ఆ పోగుల మధ్య ముడులు పడతాయి. ఇక జారవు, సాగినా మళ్లీ యథాస్థానానికి వస్తాయి. దీన్నే వల్కనైజింగ్ అంటారు. చిక్కేంటంటే ఒకసారి ముడి పడ్డాక వెనక్కి తిరిగే దారి లేదు. ప్లాస్టిక్ బకెట్‌ను కరిగించి ఇంకో బకెట్ చేసినట్టు పాత టైరును కరిగించి కొత్త టైరు చేయలేం. అందుకే రీట్రేడింగ్ వచ్చింది. పాత బాడీని అలాగే ఉంచి, పై పొర గీకి, గమ్ పట్టించి, కొత్త బటన్ రబ్బరు చుట్టి, చాంబర్‌లో పెట్టి వంద డిగ్రీలకు పైగా వేడిలో ఉడికిస్తారు. పొయ్యి దగ్గర గుడ్‌ఇయర్ చూసింది ఏదో, ఆ చాంబర్‌లో జరిగేదీ అదే. మన ఆర్టీసీకి కూడా సొంత రీట్రేడింగ్ షాపులున్నాయి. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైన నాటి నుంచి టైరు ఖర్చు ఇక్కడ పెద్ద లెక్కే.

అయితే ఏ పాత టైరు పడితే అది పనికిరాదు. బాడీ బాగుంటేనే రీబటన్. పక్క గోడ మీద ఉబ్బు, లోతైన కోత, బయటికి కనిపించే తీగ ఉంటే దాన్ని వదిలేయాల్సిందే. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పక్కన అచ్చేసిన చివరి నాలుగు అంకెలు చూడండి. 1822 అని ఉంటే 2022లో 18వ వారం తయారైందని అర్థం. బటన్ ఎంత ఉన్నా రబ్బరు ముసలిదైతే పగుళ్లిస్తుంది. లారీకి బటన్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే రూల్ ప్రకారం ఆ టైరు రోడ్డెక్కకూడదు. రీబటన్ టైరును ముందు స్టీరింగ్ వైపు వేయకపోవడం మంచిది. వెనుక జోడు టైర్లలో ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే లోడంతా ఎత్తు దాని మీదే పడి వేడెక్కి పేలుతుంది. నైలాన్, రేడియల్ ఒకే యాక్సిల్‌కు కలపొద్దు.

చక్రం విప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాత 10.00-20 టైర్లకు ట్యూబు, ఫ్లాపు, లాక్ రింగ్ ఉంటాయి. నట్లు ముట్టుకునే ముందే వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయాలి. జోడులో అయితే రెండింటిదీ. తుప్పు పట్టిన రింగ్ గాలి ఒత్తిడికి ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. గాలి కొట్టేటప్పుడు కూడా ఇనుప బోనులో పెట్టి, పక్కకు నిలబడాలి. డిస్క్ బోల్టు రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ డిస్క్ తుక్కుకే. బిగించిన నట్లను కొన్ని కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి.

మళ్లీ మన కథలోకి వద్దాం.. 1844 జూన్ 15న గుడ్‌ఇయర్‌కు అమెరికా పేటెంట్ వచ్చింది. నంబర్ 3633. కానీ అప్పటికే ఆయన రబ్బరు ముక్కలు ఇంగ్లండ్ చేరాయి. అక్కడ థామస్ హాన్‌కాక్ ఆ ముక్కల్లో గంధకం జాడ పట్టేసి, ముందే పేటెంట్ వేసేశాడు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద ఈ పద్ధతికి పేరొచ్చిందీ ఆ శిబిరం నుంచే. అమెరికాలో 1852 నాటి పెద్ద కేసులో గుడ్‌ఇయర్ గెలిచారు. వాదించిన లాయర్ డేనియల్ వెబ్‌స్టర్ ఫీజు 15 వేల డాలర్లు! కనిపెట్టిన మనిషి కన్నా వాదించిన మనిషే బాగుపడ్డాడని అప్పట్లో అనుకుని ఉంటారు.

చేతికొచ్చిన డబ్బూ నిలవలేదు. 1851 లండన్, 1855 ప్యారిస్ ఎగ్జిబిషన్లలో రబ్బరు కుర్చీలు, రబ్బరు గోడలతో భారీ స్టాళ్లు పెట్టి ఖర్చు చేశారు. 1853లో క్లారిస్సా లండన్‌లో కన్నుమూశారు. ప్యారిస్‌లో బిల్లులు కట్టలేక మళ్లీ జైలు. ఫ్రాన్స్ చక్రవర్తి ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఆయనకు అందింది కూడా ఆ జైలు గదిలోనే. కొడుకు తీసుకొచ్చి చేతిలో పెట్టాడు.

1860 వేసవి. బొల్లారంలో బ్రిటిష్ రెసిడెంట్ కోసం ఓ భవనం వెలిసిన సంవత్సరం అది, ఇప్పటి మన రాష్ట్రపతి నిలయం. అదే ఏడాది అక్కడ అమెరికాలో కూతురు చావుబతుకుల్లో ఉందని తెలిసి గుడ్‌ఇయర్ బయల్దేరారు. న్యూయార్క్ చేరేసరికే ఆమె పోయిందన్న కబురు ఎదురైంది. అక్కడే కుప్పకూలారు. జులై 1న హోటల్ గదిలోనే తుదిశ్వాస విడిచారు. వదిలి వెళ్లింది దాదాపు 2 లక్షల డాలర్ల అప్పు.

డన్‌లప్ గాలి టైరు తీసుకొచ్చింది ఆ తర్వాత 28 ఏళ్లకు. 1898లో ఫ్రాంక్ సీబర్లింగ్ అనే వ్యాపారి ఓహాయోలోని ఆక్రన్‌లో టైర్ల కంపెనీ పెడుతూ, గుర్తుగా గుడ్‌ఇయర్ పేరు పెట్టుకున్నారు. ఆ కంపెనీకీ ఆయన కుటుంబానికీ ఎలాంటి సంబంధం లేదు.