దీవులు చదివిన వాలెస్

డార్విన్ పేరు మనమంతా హైస్కూల్లోనే విన్నాం. ఆయన పక్కన నిలవాల్సిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పేరు మాత్రం మాకు పీజీకి వచ్చాక గానీ తెలియలేదు. మా తమ్ముళ్లకు అంత ఆలస్యం కాకూడదనే ఈ వ్యాసం.

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్‌లోని అస్క్ పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి ఉన్న ఆస్తి పోగొట్టుకోవడంతో పద్నాలుగేళ్లకే బడి మానేశారు. అన్న వెంట గొలుసు పట్టి భూములు కొలిచారు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. గ్రంథాలయమే ఆయనకు కాలేజీ.

లెస్టర్‌లో పరిచయమైన బేట్స్ అనే మిత్రుడు పెంకు పురుగుల సేకరణ నేర్పాడు. 1848లో ఇద్దరూ అమెజాన్ అడవులకు వెళ్లారు. పట్టిన పురుగులు, పక్షులు లండన్‌లో అమ్ముడుపోతేనే చేతిలో డబ్బు. 1852లో తిరుగు ప్రయాణంలో ఓడ తగలబడింది. ఏళ్ల కష్టం కళ్లముందే బూడిదైంది. పది రోజులు పడవలో తేలుతూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఒక్క సబ్జెక్టు పోతేనే మనం పెట్టె సర్దుకుని ఇంటిదారి పడతాం. ఆయన మాత్రం రెండేళ్లకే, 1854లో, మలయా దీవులకు బయలుదేరారు. వాటిలో ఎక్కువ భాగం నేటి ఇండోనేషియా. అక్కడ ఎనిమిదేళ్లలో సుమారు 14,000 మైళ్లు తిరిగి 1,25,660 నమూనాలు సేకరించారు.

1856లో బాలి నుంచి లాంబోక్ దీవికి దాటారు. మధ్యలో ఉన్నది దాదాపు 35 కిలోమీటర్ల సముద్రమే. కానీ బాలిలో ఆసియా ఖండపు వడ్రంగి పిట్టలుంటే, లాంబోక్‌లో ఆస్ట్రేలియా వైపు కాకతువలు కనిపించాయి. లోతైన ఆ జలసంధి రెండు లోకాల సరిహద్దని ఆయన గ్రహించారు. దానినే నేడు వాలెస్ రేఖ అంటున్నాం.

1858లో మొలుక్కా దీవుల్లో జ్వరంతో వణుకుతూ పడుకున్నప్పుడు, ప్రకృతి వరణం ద్వారా జీవులు మారతాయన్న ఆలోచన ఆయనకు తట్టింది. దానిని రాసి టెర్నాటే నుంచి డార్విన్‌కు పంపారు. ఇరవై ఏళ్లుగా అదే విషయంపై పనిచేస్తున్న డార్విన్ నిర్ఘాంతపోయారు. ఆ ఏడాది జూలై 1న లండన్‌లో ఇద్దరి రచనలూ కలిపి చదివారు. అప్పుడు వాలెస్ దీవుల్లోనే ఉన్నారు. పేరు ఎక్కువగా డార్విన్‌కే దక్కినా ఆయన అసూయపడలేదు. 1869లో తన యాత్రా గ్రంథాన్ని డార్విన్‌కే అంకితమిచ్చారు.

ఇక్కడ మరొకరిని మరచిపోకూడదు. సారవాక్‌కు చెందిన అలీ అనే యువకుడు ఆయనకు వంట చేశాడు, జబ్బుపడితే సేవ చేశాడు, పక్షులను సేకరించాడు. బచాన్ దీవిలో ఒక కొత్త స్వర్గపక్షిని తెచ్చింది అలీయే. దాని శాస్త్రీయ నామంలో మాత్రం వాలెస్ పేరుంది! అలీ గురించి మనకు తెలుస్తోందంటే, వాలెస్ తన పుస్తకంలో రాయబట్టే.

వాలెస్ 1913 నవంబరు 7న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మనలో చాలామంది ఇళ్లలో మొదటి పట్టభద్రులం మనమే. మన ఫీజు వెనుక కూలి చేసిన చేతులున్నాయి. వాలెస్‌లా చదువుదాం. రేపు మన పేరు అచ్చయిన రోజున, మన అలీల పేర్లు కూడా రాద్దాం.