ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్

ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ (ఏప్రిల్ 7, 1891 - మార్చి 11, 1958) డెన్మార్కు దేశానికి చెందిన వడ్రంగి, లెగో ఆటవస్తువుల సంస్థ వ్యవస్థాపకుడు. కొయ్య బొమ్మలతో మొదలైన ఈయన కార్ఖానా తరువాతి కాలంలో ప్లాస్టిక్ ఇటుకల ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

బాల్యము, వృత్తి

ఓలె జట్లాండ్ ప్రాంతంలోని ఫిల్‌స్కోవ్ గ్రామ సమీపాన ఒక పేద రైతు కుటుంబంలో జన్మించాడు. అన్న వద్ద వడ్రంగము నేర్చుకొని, కొంతకాలం జర్మనీ, నార్వే దేశాలలో పనిచేశాడు. 1916లో బిలుండ్ గ్రామంలో ఒక వడ్రంగి కార్ఖానాను కొన్నాడు. నార్వేలో పరిచయమైన క్రిస్టీన్ సోరెన్‌సెన్‌ను అదే సంవత్సరం వివాహమాడాడు. వీరికి నలుగురు కుమారులు. 1924లో పిల్లల ఆటలో చెక్కపొట్టుకు నిప్పంటుకొని ఇల్లు, కార్ఖానా దగ్ధమయ్యాయి. ఓలె వాటిని మునుపటికంటే పెద్దవిగా తిరిగి నిర్మించాడు.

బొమ్మల తయారీ

1930లలో ఆర్థిక మాంద్యం వలన రైతుల ఆదాయం పడిపోయి, ఇళ్ళ నిర్మాణపు పనులు కరువయ్యాయి. దానితో ఓలె 1932లో నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు కొయ్య బొమ్మలు చేయడం ప్రారంభించాడు. అదే సంవత్సరం భార్య మరణించింది. 1934లో సోఫీ యోర్గెన్‌సెన్‌ను పునర్వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమార్తె.

డేనిష్ భాషలో చక్కగా ఆడుకో అనే అర్థమిచ్చే రెండు పదాల నుండి లెగో అనే పేరు ఏర్పడింది. ఓలె నాణ్యత విషయంలో రాజీపడేవాడు కాదు. ఒకసారి కుమారుడు గాడ్‌ఫ్రెడ్ ఖర్చు తగ్గించేందుకు కొయ్య బాతులకు మూడు పూతలకు బదులు రెండు పూతలే వార్నిష్ వేసి రైల్వే స్టేషనుకు చేర్చాడు. ఓలె వాటిని వెనక్కు తెప్పించి, అతనిచేతనే మూడవ పూత వేయించాడు.

ప్లాస్టిక్ ఇటుకలు

1942లో మరొక అగ్నిప్రమాదం కార్ఖానాను, బొమ్మల నమూనాలను నాశనం చేసింది. ఓలె మళ్ళీ కట్టుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ప్లాస్టిక్ అచ్చు యంత్రం కొన్నాడు. ఆంగ్లేయుడైన హిల్లరీ ఫిషర్ పేజ్ రూపొందించిన ఇటుకల ఆధారంగా 1949లో ప్లాస్టిక్ ఇటుకలు విడుదల చేశాడు. తొలుత వీటికి అంతగా ఆదరణ లభించలేదు. ఇటుకలు గట్టిగా పట్టుకొనేందుకు వాటి లోపల గొట్టాలు అమర్చే పద్ధతిపై గాడ్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

మరణము

ఆ తరువాత ఆరు వారాలకే ఓలె గుండెపోటుతో మరణించాడు. సంస్థ బాధ్యతలు గాడ్‌ఫ్రెడ్ చేపట్టాడు. 1960లో కొయ్య బొమ్మల గిడ్డంగి కాలిపోవడంతో, ఓలె మొదలుపెట్టిన కొయ్య బొమ్మల తయారీ ఆగిపోయింది. ఆపై సంస్థ ప్లాస్టిక్ ఇటుకల మీదనే దృష్టి నిలిపింది.