పగిలిన కుండ, చేతిలో చీపురు: గాడ్గే బాబా

ఏటా డిసెంబర్ 6న మనం బాబాసాహెబ్ అంబేద్కర్‌ను తలచుకుంటాం. ఆయన పోయిన పద్నాలుగు రోజులకే, 1956 డిసెంబర్ 20న గాడ్గే బాబా కూడా కన్నుమూశారు. తెలుగు నేల మీద ఆయన్ను తలచుకునేవాళ్లు తక్కువ. చెత్త తగ్గించాలి, వాడినదాన్నే మళ్లీ వాడాలి అంటూ సదస్సులు జరుగుతున్న ఈ రోజుల్లో ఆయన జీవితం మనకు చాలా అవసరం. చెత్తను ఎవరి చేత ఎత్తిస్తున్నామన్న ప్రశ్న ఆ సదస్సుల్లో వినిపించదు కాబట్టి.

ఆయన అసలు పేరు దేబూజీ ఝింగ్రాజీ జానోర్కర్. 1876 ఫిబ్రవరి 23న విదర్భలోని అమరావతి జిల్లాలో, బట్టలు ఉతికే పరీట్ కులంలో పుట్టారు. తాగుడు వల్ల తండ్రి తొందరగా చనిపోయాడు. మేనమామ ఇంట్లో పశువులు కాస్తూ, పొలం పనులు చేస్తూ పెరిగారు. బడికి వెళ్లింది లేదు. మేనమామ భూమి వడ్డీ వ్యాపారి పాలు కావడం కళ్లారా చూశారు. చదువు లేనివాణ్ని ఎవరైనా ముంచగలరని అప్పుడే అర్థమైంది. 1905లో ఇల్లు వదిలి బయలుదేరారు.

ఒంటి మీద పాత గుడ్డపీలికలు కలిపి కుట్టిన బొంత. చేతిలో చీపురు. నెత్తిన పగిలిన కుండ. ఎండకు అదే టోపీ, ఆకలికి అదే కంచం. గాడ్గే అంటే మరాఠీలో మట్టికుండ. ఆ కుండే ఆయనకు పేరైంది. జనం పనికిరాదని పారేసినవాటితోనే ఆయన బతికారు.

ఏ ఊరికి వెళ్లినా ముందు చీపురు పట్టి వీధులు, మురికి కాలువలు శుభ్రం చేసేవారు. రాత్రికి కీర్తన. జనాన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు వాళ్ల నోటితోనే చెప్పించేవారు. అంటరానితనం, జంతుబలి, తాగుడు, అప్పులు చేసి జరిపే ఆడంబరాలు, అన్నింటినీ ఆ కీర్తనలోనే కడిగేసేవారు. వీధి ఊడ్చి మనసులోని కులాన్ని వదిలేస్తే ఆ ఊరు శుభ్రపడినట్టు కాదన్నది ఆయన నమ్మకం. జనం ఇచ్చిన విరాళాలతో బడులు, హాస్టళ్లు, ధర్మశాలలు కట్టించారు. తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు.

పంఢర్‌పూర్ యాత్రకు వచ్చే దళితులకు తలదాచుకునే చోటు ఉండేది కాదు. వాళ్ల కోసం అక్కడ మహర్ సంతు చోఖామేళా పేరిట ధర్మశాల కట్టించారు. తర్వాత దాన్ని అంబేద్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి అప్పగించారు. బడి మొహం చూడని మనిషి తన కష్టఫలాన్ని మన పిల్లల చదువుకు ఇచ్చారు.

ఇవాళ అమరావతి విశ్వవిద్యాలయానికి ఆయన పేరుంది. మహారాష్ట్ర ప్రభుత్వం గ్రామాల పరిశుభ్రత పోటీలకూ ఆయన పేరే పెట్టింది. సంతోషమే. కానీ చీపురును తీసుకుని కీర్తనను వదిలేశారు. ప్లాస్టిక్, కాగితం, ఇనుము మళ్లీ ఫ్యాక్టరీకి చేరుతున్నాయంటే, చెత్తకుప్పల్లో వాటిని ఏరి వేరుచేసే చేతులున్నాయి. ఆ చేతుల్లో ఎక్కువ దళితులవి, అందులోనూ ఆడవాళ్లవి. లాభం మాత్రం పైవాళ్లది.

అదే మహారాష్ట్రలో, పుణెలో, చెత్త ఏరుకునేవాళ్లు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో అత్యధికులు దళిత మహిళలు. పోరాడి మున్సిపల్ గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. తర్వాత 'స్వచ్ఛ్' సహకార సంఘంగా ఏర్పడి ఇంటింటా చెత్త సేకరించే పనిని హక్కుగా చేసుకున్నారు. కేంద్రం 2016లో తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు కూడా చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి.

మన ఊళ్లలో ఆ గుర్తింపు ఎంతమందికి దక్కింది? చీపురు పట్టి ఫొటోలు దిగే నాయకులను ఈ డిసెంబర్ 20న మనం అడగాల్సింది ఇదే. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, న్యాయమైన కూలి, వాళ్ల పిల్లలకు చదువు. ఇవేవీ ఇవ్వకుండా గాడ్గే బాబా పటానికి దండ వేస్తే సరిపోదు.